మల్లన్న జట, ఎల్లమ్మ జడ

తలవెంట్రుకలను దువ్వకుండా, కత్తిరించకుండా వదిలేస్తే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని తాళ్ల మాదిరిగా గట్టిపడతాయి. దీన్ని తెలుగువారు జడలు కట్టడం అంటారు; సంస్కృత గ్రంథాలు జట అన్నాయి; జమైకా గాయకుడు బాబ్ మార్లే చిత్రాలతో పరిచయమైన నేటి యువతరం డ్రెడ్‌లాక్స్ అంటోంది. పేరు ఎక్కడి నుంచి వచ్చినా ఆ రూపం మాత్రం కర్నూలు, కడప సీమలకు కొత్తది కాదు. శ్రీశైలం ప్రాకారం మీది సిద్ధుల శిల్పాల్లో, రాయచోటి వీరభద్రుడి పుట్టుక కథలో, ఒంటిమిట్ట కోదండరాముడి వనవాస వృత్తాంతంలో, దర్గా ఉరుసులకు వచ్చే మలంగు ఫకీర్ల తలల మీద, ఆదోని, ఆలూరు వైపు పల్లెల్లో అమ్మవారికి వదిలిన ఆడవాళ్ల నెత్తిన ఇది శతాబ్దాలుగా కనిపిస్తూనే ఉంది. అయితే ఇన్ని తలల మీద దానికి ఒకే అర్థం లేదు. సన్యాసి తల మీది జట అతడు కోరి పెంచుకున్నది కాగా, పేదింటి ఆడపిల్ల తల మీది జడ దానంతటది పడినది, ఆపై దాని అర్థమేమిటో ఇతరులు తేల్చి చెప్పినది. రాయలసీమలో జటల చరిత్రను ఎటు నుంచి తరచి చూసినా చివరికి ఈ తేడా దగ్గరికే రావలసి వస్తుంది.

వెంట్రుక అనేది కెరటిన్ అనే గట్టి మాంసకృత్తుతో తయారైన పోగు. దాని పైపొర నిండా ఒకదానిపై ఒకటి పరచుకున్న సన్నని పొలుసులు ఉంటాయి. మనిషి తల నుంచి రోజుకు సుమారు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం, దువ్వెన పడే తలలో అవి బయటికి వచ్చేస్తాయి. దువ్వెన పడని తలలో మాత్రం రాలిన వెంట్రుకలు పక్కవాటిలో చిక్కుకుని అక్కడే ఉండిపోగా, నిద్రలో తలగడ రాపిడికి పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చెమట, దుమ్ము, నూనె జిడ్డు, విభూతి, పసుపు వంటివి వాటి మధ్య చేరి ఆ ముడిని బిగిస్తాయి. గొర్రె ఉన్ని తడిసి, నలిగి, ఆరి విడదీయరాని ముద్దగా మారే తీరు కంబళ్లు నేసే కురుబల ఇళ్లలో అందరికీ తెలిసిందే. మనిషి జుట్టులో జరిగేదీ అదే. ఉంగరాల జుట్టు త్వరగా ముడిపడుతుంది, సూటిగా ఉండే జుట్టుకు ఎక్కువ కాలం పడుతుంది. వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కనుక నడుము దాకా వేలాడే జట వెనుక కొన్నేళ్ల కాలం ఉన్నట్టే. జుట్టు అనుకోకుండా, కొన్ని రోజుల్లోనే అట్టకట్టుకుపోవడాన్ని వైద్యులు ప్లైకా పొలోనికా అంటారు. ఆ పేరులోని పోలెండ్ దేశంలో 19వ శతాబ్దం దాకా అట్టకట్టిన జుట్టును కోస్తే చూపు పోతుందని, రోగం తిరగబెడుతుందని పల్లెజనం భయపడేవారు. క్రాకోవ్ నగరపు వైద్యాచార్యుడు యూజెఫ్ డీట్ల్ ఆ భయాన్ని పోగొట్టడానికి చాలా కాలం శ్రమించాడు. జడను కోస్తే అమ్మవారు ఆగ్రహిస్తుందన్న మాట ఒక్క రాయలసీమదో, ఒక్క హిందూ సమాజానిదో కాదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

జటాధారుల కొండ

జటల గురించి భారతదేశంలో దొరికే ప్రాచీన ఆధారం ఋగ్వేదమే. పదో మండలంలోని 136వ సూక్తం కేశి అనే దీర్ఘకేశుడైన మునిని వర్ణిస్తుంది. అతడు మాసిన గోధుమరంగు బట్టలు కట్టి, గాలితో పాటు సంచరిస్తూ, రుద్రుడితో కలిసి విషం తాగుతాడు. రుద్రుడికి వేదంలోనే కపర్ది అనే పేరు ఉంది. జుట్టును ముడివేసి చుట్టుకున్నవాడని దానికి అర్థం చెబుతారు. యజుర్వేదంలోని శతరుద్రీయం, అంటే శివాలయాల్లో అభిషేక సమయాన నిత్యం వినిపించే నమకం, కపర్దికి నమస్కరించిన చోటనే తల గొరిగించుకున్న రుద్రుడికీ నమస్కరిస్తుంది. జట, బోడితల రెండూ దైవరూపాలేనని ఒప్పుకున్న ఈ విశాలదృష్టి తరువాతి కాలపు మత వివాదాల్లో అంతగా కనిపించదు.

జటలు పెంచడాన్ని ఒక జీవన విధానంగా మలచినవి శైవ శాఖలు. లకులీశుడి పేరుతో ముడిపడిన పాశుపతం, పుర్రెను భిక్షాపాత్రగా పట్టే కాపాలికం, పాశుపతం నుంచి చీలివచ్చి విద్యకూ మఠ నిర్వహణకూ పేరుపడ్డ కాలాముఖం, ఈ మూడింటికీ శ్రీశైలంతో సంబంధం ఉంది. 8వ శతాబ్దపు సంస్కృత నాటకకర్త భవభూతి తన మాలతీమాధవంలో సౌదామిని అనే యోగినిని శ్రీపర్వతం మీద కాపాలిక వ్రతం ఆచరిస్తున్నదిగా చూపాడు. విదర్భ ప్రాంతపు కవి ఊహకు సైతం ఈ నల్లమల శిఖరం సాధకుల నెలవుగా తోచిందంటే దాని ఖ్యాతి ఎంతదో తెలుస్తుంది. 11వ శతాబ్దపు కల్యాణి చాళుక్యుల శాసనాలు శ్రీశైలంలోనూ, కర్నూలు నగరానికి ఉత్తరాన తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న అలంపురంలోనూ కాలాముఖ ఆచార్యుల ప్రాబల్యాన్ని తెలుపుతున్నాయి.

శ్రీశైల మల్లికార్జునాలయం చుట్టూ విజయనగర కాలంలో లేచిన ప్రాకార కుడ్యం ఈ సంప్రదాయానికి రాతిలో చెక్కిన సాక్ష్యం. 1794లో ఆ కొండకు వెళ్లిన బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ కూడా ఆ గోడ శిల్పాలను ప్రత్యేకంగా గమనించి రాశాడు. ఏనుగుల బారులు, వేట దృశ్యాలు, శివకథల నడుమ సిద్ధులు, అంటే యోగసాధనతో అసాధారణ శక్తులు పొందినవారని నమ్మే సాధకులు, అక్కడక్కడా కూర్చుని కనిపిస్తారు. కొందరు మోకాళ్లను నడుముతో కలిపి కట్టే యోగపట్టం అనే బట్టతో ఆసనం వేసి ఉంటారు, కొందరి జుట్టు నడినెత్తిన ముడిగా లేచి ఉంటుంది. శిల్పశాస్త్రం జటలను పైకి ఎత్తి కిరీటంలా అమర్చితే జటామకుటం అని, తల చుట్టూ బరువుగా వదిలితే జటాభారం అని వేరువేరు పేర్లు పెట్టింది. విష్ణువు తల మీద లోహ కిరీటం ఉండగా శివుడి తల మీద జుట్టే కిరీటం కావడంలోని భావం శిల్పికి స్పష్టంగా తెలుసు. రాజ్యం, సంపద, అలంకారం అన్నీ వదిలినవాడికి ఒంటి మీద పుట్టినదే ఆభరణమైంది.

ఆ జట నుంచి పుట్టినవాడే వీరభద్రుడు. దక్షయజ్ఞంలో సతీదేవి దేహత్యాగం చేసిందని విని శివుడు తన జటను ఒకదాన్ని పెరికి నేలకు కొట్టగా వీరభద్రుడు ఉద్భవించాడన్న పురాణకథ సీమలో వింటూ పెరగనివారు అరుదు. 2022 దాకా కడప జిల్లాలో భాగంగా ఉన్న రాయచోటిలో ఆయన భద్రకాళీ సమేతుడై కొలువున్నాడు. తపస్సుకు గుర్తయిన జట కోపం వచ్చిన క్షణంలో ఆయుధంగా మారిందన్నమాట. అలంపురం జోగుళాంబ రూపంలోనూ ఇదే తీవ్రత కనిపిస్తుంది. పైకి లేచిన ఆమె కేశాల్లో బల్లి, తేలు వంటి ప్రాణులను చెక్కారు. స్త్రీ దేవత జుట్టు విరబోసుకుని ఉండటం పూర్వశిల్పుల దృష్టిలో అశుభానికి కాక అదుపులేని శక్తికి చిహ్నం.

అదే జట గంగను పట్టి ఆపినది కూడా. ఈ కథను వర్షాభావ ప్రాంతపు జనం మైదాన ప్రాంతాల వారికంటే భిన్నంగా వింటారనడానికి నల్లమల, ఎర్రమల కొండల అంచున ఉన్న శివాలయాలే నిదర్శనం. మహానందిలో గర్భాలయం దగ్గర పుట్టే నీరు అడుగున ఉన్న నాణెం కనిపించేంత తేటగా కోనేటి నుంచి పొలాలకు పారుతుంది. యాగంటిలో కొండ నుంచి వచ్చిన ఊట నంది నోటి గుండా కోనేట్లో పడుతుంది. కాల్వబుగ్గ, ఓంకారం వంటి చోట్ల కూడా లింగం పక్కనే ఊట ఉంటుంది. ఇలాంటి ఊటను ఇక్కడివారు బుగ్గ అంటారు. సున్నపురాయి పొరల్లోని పగుళ్ల గుండా కొండ మీది వాననీరు ఇంకి దిగువన పైకి రావడం వల్ల ఈ బుగ్గలు ఏర్పడతాయి. చుట్టూ పది మైళ్ల దాకా బావులు ఎండినా ఇక్కడ నీరు ఆగకపోవడం చూసిన రైతుకు శివుడి జటలో గంగ ఉందన్న మాట అలంకారంగా తోచదు, తన కళ్లెదుట జరుగుతున్న విషయంగానే తోస్తుంది.

గృహస్థులు జటలు పెంచరు గాని వాటి మహిమను కాసేపైనా తల మీద మోయాలన్న కోరిక వారికీ ఉంటుంది. కర్నూలు పశ్చిమ ప్రాంతాల్లో మైలారలింగాన్ని, మల్లయ్యను కొలిచే గొరవయ్యలు కంబళి తొడిగి, డమరుకం, పిల్లనగ్రోవి పట్టి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని ఆడతారు. గొర్రెలు కాసుకునే మనిషి ఆ నల్లని వెంట్రుకల టోపీ పెట్టగానే అడవిలో తిరిగే దేవుడి మనిషి అవుతాడు. జట చేసే పనినే ఆ టోపీ చేస్తున్నదని అనుకోవడం అసంగతం కాదు.

గడువున్న జట

జటలన్నీ జీవితాంతం ఉంచుకునేవి కావు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో గంగ ఒడ్డున గుహుడు తెచ్చిన మర్రిపాలతో రాముడు తనకూ లక్ష్మణుడికీ జటలు కట్టుకున్నాడు. జిగురైన ఆ పాలు ఆరితే వెంట్రుకలు పాయలుగా బిగుసుకుంటాయి; హైదరాబాద్, బెంగళూరు సెలూన్లలో నేడు మైనం రాసి, కొక్కెం సూదితో వెంట్రుకలను లోపలికి లాగి పాయలు కట్టే పద్ధతికి ఇది చాలా దగ్గరిది. అన్న తిరిగి వచ్చే దాకా నందిగ్రామంలో భరతుడూ జటలతోనే ఉన్నాడు. పద్నాలుగేళ్లు నిండి అందరూ కలుసుకున్నాక నేర్పరులైన క్షురకులను పిలిపించడం, జటలు తీయించుకుని రాముడు స్నానం చేయడం యుద్ధకాండ చివర వస్తుంది. పట్టాభిషేకానికి ముందు జరగవలసిన మొదటి పని అదే. కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలో పుట్టి, ఆంధ్ర వాల్మీకిగా పేరుపొందిన వావిలికొలను సుబ్బారావు ఆ కావ్యాన్ని తెలుగు చేసి, టెంకాయ చిప్ప పట్టి భిక్షమెత్తి ఒంటిమిట్ట ఆలయాన్ని ఉద్ధరించాడు కాబట్టి ఈ ఘట్టం కడపవారికి ఇంటి కథ వంటిదే. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. రాముడి జట ఒక మాటకు కట్టుబడినందుకు గుర్తు. మాట నెరవేరింది, జట దిగింది. తల మీదికి ఎక్కించుకున్నవాడికే దించుకునే హక్కు ఉంది.

మొక్కుబడి జుట్టు కూడా ఇలాంటిదే. బిడ్డ పుట్టువెంట్రుకలను ఇంటి దేవుడి దగ్గర తీయిస్తామని మొక్కుకున్న కుటుంబం ఆ రోజు వచ్చేదాకా కత్తెర తగలనివ్వదు. తిరుమలకు తొలిగడపగా పేరున్న దేవుని కడప మీదుగా ఆ కొండకు, ఉరుకుంద ఈరన్న గుడికి, అహోబిలానికి వెళ్లి తలనీలాలు ఇచ్చే లక్షల మందికి జుట్టు దేవుడి సొత్తు, తాము కొన్నాళ్లు దాచి అప్పగిస్తున్నది మాత్రమే.

ఇదే నేల మీద జుట్టును పూర్తిగా వదిలించుకోవడమే పుణ్యమన్నవారూ బతికారు. పెన్నా ఒడ్డున జమ్మలమడుగు దగ్గరి దానవులపాడు రాష్ట్రకూటుల కాలంలో జైన క్షేత్రం. జైన మునులు క్షురకుడి అవసరం లేకుండా వెంట్రుకలను చేతితో పెరికివేసుకుంటారు, దీనిని కేశలోచనం అంటారు. నొప్పిని లెక్కచేయకపోవడం, వెంట్రుకల్లో చేరే జీవుల హింసకు తావివ్వకపోవడం దాని ఉద్దేశాలు. జట పెంచినా, పెరికినా దేహం మీది మోహాన్ని దాటడమే లక్ష్యం కనుక శైవ, జైన మునులు విరుద్ధ మార్గాల్లో ఒకే గమ్యానికి బయల్దేరినట్టు భావించవచ్చు. ఈ గుర్తులేవీ లోపలి మార్పుకు హామీ కావని తేల్చి చెప్పినవాడు వేమన. కదిరి దగ్గరి కటారుపల్లెలో సమాధి ఉన్న ఆ కవి బూడిద పూతలను, జడలను, బోడితలలను ఒకే గాటన కట్టి ప్రశ్నించాడు. కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1829లో ఆ పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించిన తరువాత ఆ ప్రశ్న చాలా దూరం ప్రయాణించింది.

ముస్లిం సాధుసంప్రదాయంలో మలంగులది జటాధారులైన సన్యాసుల వంటి స్థానమే. వీరు పెళ్లి, ఇల్లు వదిలి, ఉత్తరప్రదేశ్‌లోని మకన్‌పూర్‌లో సమాధి ఉన్న షా మదార్ పేరున నడిచే మదారీ మార్గంలో దీక్ష పొందిన ఫకీర్లు. దీక్ష తీసుకున్న నాటి నుంచి వీరిలో చాలామంది జుట్టు కత్తిరించరు. కడప అమీన్ పీర్ దర్గా ఉరుసుకు దేశం నలుమూలల నుంచి ఫకీర్లు వస్తారు. కుంభమేళాలోని నాగసాధువు పక్కన మలంగును కూర్చోబెడితే బట్టలను బట్టి తప్ప జుట్టును బట్టి తేడా చెప్పడం కష్టం.

ఎవరు చదివిన గుర్తు

ఇప్పటి దాకా చెప్పినవన్నీ కోరుకున్న జటలు. ఆదోని, కోసిగి, కౌతాళం, హొళగుంద, ఆలూరు మండలాల వైపు వెళ్తే కథ మారుతుంది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఈనాటికీ అక్కడి కుటుంబాల మొక్కుబడులు కొప్పళ వైపు హులిగెమ్మకూ, బెళగావి జిల్లా సవదత్తి ఎల్లమ్మకూ చెల్లుతుంటాయి. ఈ అమ్మవార్ల భక్తిలో, ఆడపిల్ల తలలో జుట్టు దానంతటది ముడిపడితే అమ్మ ఆ పిల్లను కోరుకున్నదని భావించడం పాత ఆచారం. ఆ జడను దువ్వకూడదు, కోయకూడదు. పసుపు పూసి పూజించాలి. భండారం అని పిలిచే ఆ పసుపు పొర మీద పొరగా ఆరి జడను మరింత గట్టిపరుస్తుంది, గట్టిపడిన కొద్దీ అది దైవచిహ్నమన్న నమ్మకమూ గట్టిపడుతుంది.

కొన్ని కుటుంబాల్లో ఈ గుర్తు పిల్లను అమ్మవారికి వదిలేయడానికి కారణమయ్యేది. అలా వదిలిన స్త్రీని కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో బసివి లేదా బసివిని అన్నారు. తెలంగాణలో జోగిని అన్నారు. ఆమెకు లౌకిక వివాహం ఉండదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణభారత కులాలు, తెగల సంపుటాల్లో బసివిల గురించి వివరంగా ఉంది. మగపిల్లలు లేని తల్లిదండ్రులు కూతురిని బసివిని చేస్తే ఆమె కొడుకులాగా ఆస్తికి వారసురాలై, తల్లిదండ్రుల ఉత్తరక్రియలు జరిపేది. ఈ ఒక్క అంశాన్ని చూపి అది స్త్రీకి దక్కిన స్వేచ్ఛ అని వాదించినవారు లేకపోలేదు. వారసత్వానికి పొలమే లేని ఇళ్లలో, ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల ఇళ్లలో, ఆ హక్కు మాటకే మిగిలి, ఊరి పెద్దల లైంగిక దోపిడీకి ఆచారం పేరిట దారి తెరిచినదే ఎక్కువన్నది కాదనలేని చరిత్ర. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఏళ్ల తరబడి సాగించిన పోరాటం తరువాత 1947లో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో తమ చట్టాలు తెచ్చాయి. 1980ల్లో నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం జోగినుల మధ్య చేసిన సంస్కరణ కృషి ఆ చట్టానికి నేపథ్యంగా నిలిచింది.

ముడి మొదట ఎందుకు పడుతుందన్న ప్రశ్నను ఈ చర్చల్లో చాలామంది పట్టించుకోలేదు. ఆదోని డివిజన్ పల్లెల్లో వేసవి వస్తే తాగునీటికే వరస కట్టాలి. కుంకుడుకాయతో తలంటుకోవడానికి రెండు బిందెల నీళ్లు విడిగా తీసి ఉంచడం ప్రతి ఇంటికీ సాధ్యమయ్యే పని కాదు. పంట పోయిన ఏడాది కుటుంబాలు సుగ్గికి, అంటే పని వెతుక్కుంటూ వలసకు, గుంటూరు మిరప తోటల వైపు వెళ్తాయి. వెంట వెళ్లిన పిల్ల చేను గట్టున గుడారంలో నెలల తరబడి దుమ్ములో పడుకుంటుంది, తల దువ్వే తీరిక తల్లికి ఉండదు. తీవ్ర జ్వరంతో మంచం పట్టినా, మనసు చెదిరి తన ఒంటి మీద తనకు ధ్యాస లేకపోయినా జుట్టు ఇలాగే అట్టకడుతుంది. ముడికి కారణం నీటి కొరత, పేదరికం, జబ్బు. దానికి ఇచ్చిన అర్థం దైవాజ్ఞ. రెంటి మధ్య ఉన్న దూరంలో ఎందరో పిల్లల జీవితాలు మారిపోయాయి. నూనెకూ నీళ్లకూ కొదవ లేని ఇంట్లో పిల్ల తలలో చిక్కు పడితే తల్లి విసుక్కుంటూ విడదీస్తుంది తప్ప అమ్మవారి పిలుపు అనుకోదు.

అయితే ఆ జడలను మోసిన స్త్రీలందరూ వాటిని బరువుగానే భావించారనడం కూడా వాస్తవం కాదు. శ్రీలంకలోని కతరగామ క్షేత్రంలో జటలు ధరించిన భక్తురాళ్లను పరిశీలించిన మానవశాస్త్రవేత్త గణనాథ ఒబేశేఖర, 1981లో వెలువడిన మెడూసాస్ హెయిర్ అనే గ్రంథంలో, ఒక్కో స్త్రీ జట వెనుక ఆమెకే చెందిన దుఃఖం, విడివడిన దాంపత్యం, దేవుడితో ఏర్పడిన కొత్త అనుబంధం ఉన్నాయని చూపాడు. జుట్టును సమాజమంతటికీ ఒకే అర్థమిచ్చే గుర్తుగా చూసిన ఎడ్మండ్ లీచ్ 1958 నాటి వ్యాసానికి అది సమాధానం. ఉత్తర కర్ణాటక ఎల్లమ్మ భక్తురాళ్ల గురించి 2014లో పుస్తకం ప్రచురించిన లూసిండా రాంబర్గ్ ఇంకొక ఇబ్బందికరమైన విషయాన్ని ముందుకు తెచ్చింది. ఆమె గమనించిన ప్రకారం సంస్కరణ శిబిరాల్లో జడలు కోసినప్పుడు కొందరు స్త్రీలు దాన్ని విముక్తిగా కాక తమ దేవతను తమ నుంచి లాగేసుకోవడంగా భావించారు. జడ పెరిగినప్పుడు అడగనివారు, కోసేటప్పుడూ అడగలేదు.

జమైకా దాకా

1845 మే 10న బ్లండెల్ అనే ఓడ జమైకాలోని ఓల్డ్ హార్బర్ బే చేరింది. బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద భారతీయ కూలీలను అక్కడికి తెచ్చిన మొదటి ఓడ అదే. 1917 దాకా సుమారు 36 వేల మంది అలా వెళ్లారు. ఎక్కువమంది గంగా మైదానపు వారు, మద్రాసు రేవు నుంచి వెళ్లినవారూ ఉన్నారు. వారితో పాటు సాధువుల జ్ఞాపకమూ, గంజాయి వాడకమూ వెళ్లాయి. గంజా అన్న మాట జమైకాలో నేటికీ నిలిచి ఉంది. 1930 నవంబరులో ఇథియోపియా చక్రవర్తిగా హైలే సెలాసీ పట్టాభిషిక్తుడైన తరువాత ఆయనను దైవంగా కొలిచే రాస్తఫారి మతం అక్కడ పుట్టింది. దాని తొలి ప్రచారకుడు లియోనార్డ్ హోవెల్ తన రచనకు గంగున్‌గురు మరాగ్ అనే కలంపేరు పెట్టుకున్నాడు; అందులో గురు, మహారాజ్ పదాల జాడ స్పష్టం. ఈ ఆధారాలతో అజయ్, లక్ష్మీ మాన్‌సింగ్ దంపతులు రాస్తఫారి జటలకు భారతీయ సాధువులు ప్రేరణ అన్నారు. బారీ షెవాన్స్ మాత్రం 1940ల చివర కింగ్‌స్టన్ పేటల్లో యువ రాస్తాలు సమాజాన్ని ధిక్కరిస్తూ జడలు పెంచడమే దీనికి ఆరంభమని నిర్ణయించాడు. బైబిల్ సంఖ్యాకాండంలో తల మీద మంగలికత్తి పడనివ్వని నాజీరు వ్రతం ఉంది, 1950ల్లో కెన్యాలో బ్రిటిష్ వారిపై పోరాడిన మావ్ మావ్ యోధుల జడల చిత్రాలూ ఉన్నాయి. ఒక్క మూలం కోసం పట్టుబట్టడం కన్నా, దువ్వని జుట్టు లోకంలో ఎక్కడైనా ముడిపడుతుందని, ఒక దేశం మరో దేశం నుంచి నేర్చుకోగలిగేది ఆ ముడికిచ్చే అర్థాన్ని మాత్రమేనని గుర్తించడం మేలు.

ఆ అర్థానికి రాస్తాలు పెద్ద మూల్యం చెల్లించారు. 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్ అనే చోట జరిగిన హింసాత్మక ఘర్షణ తరువాత పోలీసులు వారిని మూకుమ్మడిగా పట్టి నిర్బంధించి, బలవంతాన జడలు కోసివేశారు. జమైకా ప్రధాని ఆండ్రూ హోల్‌నెస్ 2017లో అందుకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. అమెరికాలో సహజమైన జుట్టును, జడలను చూపి ఉద్యోగమో బడి సీటో నిరాకరించడాన్ని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టంతో నిషేధించింది. జడలు ఉంచుకునే హక్కు కోసం అక్కడ పోరాడవలసి వచ్చింది, వద్దనుకునే హక్కు కోసం ఇక్కడ పోరాడవలసి వచ్చింది; రెండు చోట్లా పోరాడినవారు తమ తల మీద ఏముండాలో తామే చెప్పాలనుకున్నారు.

కోసే ముందు అడిగేవారూ ఇక్కడ ఉన్నారు. నరేంద్ర దాభోల్కర్ స్థాపించిన మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితి కార్యకర్తలు, 2013లో ఆయన హత్యకు గురైన తరువాత కూడా, జటలు ఉన్న మహిళల ఇళ్లకు వెళ్లి వారితో, కుటుంబంతో మాట్లాడి ఒప్పించాకే కత్తెర పట్టే పద్ధతిని కొనసాగిస్తున్నారు. అనేక ఏళ్లు మోసిన జడ తడిస్తే త్వరగా ఆరదు, మెడను వంచేస్తుంది, పేలు, పుండ్లు చేరతాయి, పడుకుంటే తల ఒక పక్కకు ఆనదు; దాన్ని దించుకున్నాక మెడ తేలికపడటం మోసిన స్త్రీకి వెంటనే తెలుస్తుంది గాని, అమ్మవారు కోపగించలేదని నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నింద ఆమె మీదికే వస్తుంది కాబట్టి కోసినవారు తిరిగి ఆ గడప తొక్కడం కోసినంత అవసరం.

కొత్తగా పడిన ముడికి కత్తెరతో పనే లేదు. కొబ్బరినూనె బాగా పట్టించి ఒక రాత్రి నానబెట్టి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొనల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా కుదుళ్ల వైపు రావాలి. పైనుంచి లాగితే ముడి మరింత బిగుస్తుంది, పిల్ల ఏడుస్తుంది, ఇంటివారు అది దైవసంకేతమని మళ్లీ అనుమానపడతారు. చిక్కుముడి పెద్దదైతే దాన్ని వేళ్లతో నిలువునా పాయలుగా చీల్చుకుని ఒక్కో పాయనూ విడదీయాలి. రెండు మూడు రోజులు పట్టే ఈ పని వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీ టీచరుకో ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, జడ విషయంలో ఇంటిల్లిపాదికీ మాట చెప్పే అవ్వతో తీరికగా మాట్లాడే వీలు చిక్కుతుంది.